మే నెలలో పొడుగు చేతులు

ఏప్రిల్ 3

ఎండలు ముదిరాయి. ఇవాళ ట్రంకు పెట్టె దింపి నూలు చీరలన్నీ బయటికి తీశాను. ఎండాకాలం అంటే ఆదోనిలో అందరూ ముఖం చిట్లిస్తారు గానీ, ముస్తాబుకు నాకు ఇంతకన్నా ఇష్టమైన కాలం లేదు. పట్టు అక్కర్లేదు, మెడ నిండా నగలు అక్కర్లేదు. మా నాన్న ఎమ్మిగనూరులో మగ్గం మీద నేసిన చీర, పలచగా గంజి పెట్టింది ఒకటి చాలు. పొట్టి చేతుల జాకెట్టు. కళ్ళకు సన్నగా కాటుక. సాయంత్రానికి మూరెడు మల్లెపూలు. నీళ్ళకుండకు ఆనించి తడిగుడ్డ చుట్టిపెట్టిన రోజ్ వాటర్ సీసా. బయటి నుంచి వచ్చి ఆ నీళ్ళు ముఖం మీద చల్లుకుంటే పోయిన ప్రాణం లేచొస్తుంది.

నేను పనిచేసే చీరల కొట్లో, మా ఓనరు కృష్ణకుమారి అక్క కూడా ఇవాళ పట్టుచీరలన్నీ లోపలి అరల్లోకి సర్దించింది. రేపటి నుంచి వీడియోల్లో కాటన్ చీరలే. నేను కట్టుకుని అటూ ఇటూ తిరుగుతాను, అక్క ఫోన్ పట్టుకుని రంగులూ అంచులూ చెబుతుంది. నా పని అంతే. ఇష్టమైన పని చేస్తే జీతం కూడా ఇస్తారని ఈ కొట్లో చేరేదాకా నాకు తెలియదు.

ముఖం కడుక్కుంటూ నుదుటి మీద బొట్టుబిళ్ళ తీస్తే కింద చిన్న తెల్లచుక్క. బియ్యపు నూకంత. బిళ్ళ జిగురు పడలేదు. అంతే.

ఏప్రిల్ 9

బిళ్ళలు మానేసి కుంకుమకు మారాను. చెమటకు కారకుండా కింద మైనం రాసి, దాని మీద గుండ్రంగా, పెద్దగా దిద్దాను. చిన్నగా పెడితే చుక్క అంచు బయటికి వస్తోంది.

అక్క చూసి, "ఏమి మహాదేవీ, అమ్మవారి మాదిరి ఉండావే" అంది. వీడియో కింద కూడా అందరూ బొట్టు గురించే రాశారు. అంత గుండ్రంగా ఎట్ల పెడతావక్కా అని ఎవరో అడిగారు. సంతోషంగానే ఉంది.

ఏప్రిల్ 10

పెరగలేదు. నిన్న ఎంతుందో అంతే.

ఏప్రిల్ 12

కొంచెం పెరిగినట్టుంది. అద్దం అంత దగ్గరికి పెట్టుకుంటే ఏదైనా పెద్దగానే కనబడుతుంది.

ఏప్రిల్ 17

కుడిచేతి వేళ్ళ కణుపుల మీద, మణికట్టు పక్కన. మోచేతి దగ్గర కూడా ఒకటి. అంట్లు తోమే సబ్బు మార్చాను కదా ఈ మధ్య. అది పడలేదు.

సాయంత్రం హుసేనమ్మ దగ్గరికి వెళ్ళాను. మా వీధి చివర ఆమె కుట్టుమిషను. నా పెళ్ళి జాకెట్లు కూడా ఆమే కుట్టింది. మణికట్టు దాకా చేతులు పెట్టి నాలుగు జాకెట్లు కుట్టమన్నాను. టేపు మెడలో వేసుకుని నన్ను ఎగాదిగా చూసింది.

"పాపా, నీకేమన్నా మతి పోయిందా? జనాలు ఉన్న సేతులే కత్తిరించమంటాండారు ఈ ఎండలకు."

"వీడియోలో బాగుంటాదని, హుసేనమ్మా."

"బాగుంటాదో, ఉడికి సస్తావో" అంటూనే కొలత తీసింది. కొలత తీసేటప్పుడు చెయ్యి ఆమె వైపు కాకుండా గోడ వైపు తిప్పి పెట్టాను.

ఏప్రిల్ 22

మంచి విషయమే రాయాలి ఇవాళ. పొడుగు చేతుల జాకెట్టుతో చేసిన వీడియో మా కొట్టు వీడియోలన్నిటి కన్నా ఎక్కువమంది చూశారు. "ఈ ఎండల్లో ఇంత పొడుగు చేతులు ఎందుకు వేసుకునిందో మీరే అడగండి" అని అక్క ఫోన్ నా వైపు తిప్పింది. "ఎండకు చేతులు నల్లబడకుండా. నూలుగుడ్డ అయితే చెమట పీల్చుకుని చల్లగా ఉంటాది" అన్నాను.

చల్లగా ఉంటుందట.

సాయంత్రానికల్లా జాకెట్టు గుడ్డ కోసం ఫోన్లు. అక్క హుసేనమ్మతో మాట్లాడి కుట్టించి మరీ అమ్ముతానంటోంది. పెద్ద బొట్టు, పొడుగు చేతులు. ఇదేదో నేను ఆలోచించి పెట్టిన ఫ్యాషన్ అనుకుంటున్నారు అందరూ. కాసేపు నేనూ అలాగే అనుకున్నాను.

ఏప్రిల్ 29

కింది పెదవి చివర. లిప్‌స్టిక్ పడలేదు.

లిప్‌స్టిక్ ఇంకొంచెం మందంగా వేస్తే కనబడదు. వేళ్ళకు ముఖానికి రాసే క్రీము రాస్తున్నాను. నా రంగు దొరకలేదు, రెండు కలిపి రాస్తే సరిపోయింది.

ఇంట్లో కూడా ఈ జాకెట్లే వేసుకుంటున్నాను. పొయ్యి ముందు నిలబడితే చేతులు రెండూ ఉడికిపోతున్నాయి. చంకల్లో చెమటకాయలు. దేవేంద్ర ఆటో నిలిపి మధ్యాహ్నం అన్నానికి వచ్చాడు. నన్ను చూశాడు, ఫ్యాను నా వైపు తిప్పాడు, అన్నం తిని వెళ్ళిపోయాడు. ఏమీ అడగలేదు. మగవాళ్ళకు ఇటువంటివి కనబడవు. పెళ్ళయిన ఈ మూడేళ్ళలో నేను కొత్త చీర కట్టుకున్నా చెబితే తప్ప తెలిసేది కాదు ఆయనకు.

మే 4

చర్మం డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఒక్కదాన్నే. కొట్లో పంటినొప్పి అని చెప్పాను.

డాక్టరమ్మ నాకన్నా పెద్దదేమీ కాదు. నా చేతులు తన చేతుల్లోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. ఏదో నీలం లైటు వేసి కూడా చూసింది. ఇంగ్లీషులో ఒక పేరు చెప్పి, "తెలుగులో బొల్లి అంటారు కదా, అది" అంది.

ఒకరి నుంచి ఒకరికి అంటదని, సబ్బు వల్లా తిండి వల్లా కాదని, ఒంట్లోనే రంగు తగ్గిపోతుందని చెప్పింది. పూతమందు రాసింది. కొందరికి రంగు తిరిగి వస్తుంది, కొందరికి రాదు, ఓపిక పట్టాలి అంది. "ఇంట్లో ఎవరికైనా చెప్పారా?" అని అడిగింది. చెప్పానన్నాను.

మే 5

డాక్టరమ్మ కచ్చితంగా ఏమీ చెప్పలేదు. తగ్గుతుందనే అంది.

మే 11

కొట్టుకు సెలవు. పొద్దున బస్సుకే ఎమ్మిగనూరు వచ్చాను. అమ్మకు చెప్పాలని వచ్చాను. కాదు, అమ్మ చూసి "ఏమీ లేదులే పాపా" అంటుందని వచ్చాను.

నాన్న ముందుగదిలో మగ్గంలో ఉన్నాడు. వంటింట్లో అమ్మను కూర్చోబెట్టి చేతులు పైకి లాగి చూపించాను, పెదవి తుడిచి చూపించాను. మా అమ్మ అంజనమ్మ నోరు మూయించడం ఈ వీధిలో ఎవరివల్లా కాదంటారు. అటువంటిది, చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత లేచి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది.

"మీ ఆయప్పకు తెలుసునా?"

"లేదమ్మా."

"సెప్పొద్దు. మీ అత్తగారి వైపు అసలే తెలియకూడదు. ఉరుకుంద ఈరన్నకు మొక్కుకుంటా, శ్రావణంలో పోయి తీర్చుకుందాం. అంతవరకు సేతులు కప్పుకోనే ఉండు."

"ఇది అంటేది కాదంటమ్మా. డాక్టరమ్మ నా చేతులు పట్టుకుని చూసింది."

"అంటదులే, నాకు తెలీదా" అంది అమ్మ.

మధ్యాహ్నం రాగిసంగటి, గోంగూర పచ్చడి. నాకిష్టమని చేసింది. తిన్నాక అంట్లు తీసేటప్పుడు నా తట్ట, నా గ్లాసు తక్కినవాటితో కలపకుండా తీసి, అంట్లు తోమే జాలాడి మూలన విడిగా పెట్టింది. కావాలని చేయలేదు, చెయ్యి దానంతటది అటు వెళ్ళింది. నేను చూడటం అమ్మ చూసింది. గబుక్కున వచ్చి అన్నీ ఒకచోట కలిపేసి, పీచు తీసుకుని గట్టిగా తోమడం మొదలుపెట్టింది. తోముతూనే ఉంది.

సాయంత్రం బస్సుకు వెళ్ళిపోతానంటే ఉండమనలేదు.

మే 12

అమ్మ తప్పు కాదు.

మే 13

అమ్మ తప్పు కాదు. చిన్నప్పటి నుంచి అలా విన్నది.

మే 19

ఎలా జరిగిందో వరుసగా రాస్తాను. రాస్తేగానీ నాకే నమ్మకం కలగదు.

ఇవాళ లైవ్. అంటే మేం మాట్లాడుతున్నప్పుడే అందరికీ కనబడుతుంది, తప్పు దొర్లితే మళ్ళీ తీయడం ఉండదు. కరెంటు పోయింది, ఫ్యాన్లు లేవు. అయినా ఆపొద్దంది అక్క, చానామంది చూస్తున్నారని. తెల్లచీర, సన్నని నీలం అంచు. మణికట్టు దాకా జాకెట్టు. మెడ మీదుగా చెమట వీపులోకి కారుతోంది. పెదవి మీద ఉప్పగా తగిలితే చేత్తో తుడుచుకున్నాను. అదే చేత్తో కుచ్చిళ్ళు పట్టుకుని పైకెత్తి చూపించాను.

తెల్లచీర మీద నా వేళ్ళ అచ్చులు పడ్డాయి. నా రంగులో. మట్టిరంగు మరకలు, వాటి పక్కన ఎర్రగా లిప్‌స్టిక్. ముందు నాకు అర్థం కాలేదు. అక్క ముఖం చూసి కిందికి చూశాను. వేళ్ళు తెల్లగా బయటపడ్డాయి. అప్పుడు చెయ్యి కొంగు వెనక్కి పెట్టుకున్నాను. పెదవి సంగతి గుర్తు లేదు.

ఫోన్లో రాతలు పైకి పరిగెడుతున్నాయి. ఆయమ్మ మూతికి ఏమైంది? చేతులేంది అట్లుండాయి? బొల్లి అది, చూస్తే తెలీదా. ఈ చీరలా మాకు పంపేది?

అక్క ఫోన్ ఆపేసింది.

తర్వాత అక్క, "సీర మార్సుకో, పో" అంది. నెమ్మదిగానే అంది.

మే 20

"నిన్ను పనిలో నుంచి తీసేయను" అని మొదలుపెట్టింది అక్క. "నువ్వు లోపల మడతలు సూసుకో. వీడియోలకు మా పిన్ని మనవరాలు గౌరి వస్తాది. నాకేమీ పట్టింపు లేదు మహాదేవీ, కొనేవాళ్ళకు ఉంటాది. నేనేం సేతు?"

సరే అక్కా అన్నాను.

"అడిగినోళ్ళకు పొయ్యి దగ్గర కాలిందని సెప్తా. నువ్వు కాదనొద్దు."

సరే అక్కా అన్నాను.

మే 21

నిన్న రాయలేకపోయింది ఇప్పుడు రాస్తున్నాను.

నిన్న కొట్టు నుంచి వచ్చేసరికి దేవేంద్ర ఇంట్లో ఉన్నాడు. ఆ వేళకు ఎప్పుడూ ఉండడు. ఆటోస్టాండులో ఎవరో వీడియో చూపించారట. నేను చెప్పులు విప్పుతూనే, "కాలిందంట అని అంటాండారు" అన్నాడు. నేను చెప్పులు గోడవారకు జరిపాను.

"కాలింది కాదు, నాకు తెలుసు" అన్నాడు.

"ఏం తెలుసు?"

"శివరాత్రప్పుడు తలంటుకుని ఎంటికలు ఆరబెట్టుకుంటాంటివి సూడు, అప్పుడు సూసినా. మెడెనకాల. పావలా బిళ్ళంత ఉండె."

శివరాత్రి. నుదుటి మీద చుక్క నేను ఏప్రిల్‌లో చూశాను. అంతకు ముందే, నాకు కనబడని చోట, ఆయనకు కనబడింది.

"ఎందుకు చెప్పలేదు?"

చేతిలో ఆటో తాళంచెవి తిప్పుతూ కూర్చున్నాడు. "నువ్వు అద్దం ముందర నిలబడితే పాట పాడుకుంటావు, దేవీ. ఆ మాట సెప్తే ఇంక పాడవని భయమేసె. అంతలోకి పోతాదేమోలే అనుకుంటి."

మంచిమాటే. ఎవరైనా వింటే మంచి మొగుడు అంటారు. కానీ నాకు ఒళ్ళు మండిపోయింది. "ఈ ఎండల్లో నేను ఈ జాకెట్లలో ఉడికిపోతుంటే రోజూ చూసినావు. ఫ్యాను తిప్పినావు. నోరు తిప్పలేకపోయినావా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. ఆయన ఒక్కమాటకూ ఎదురు చెప్పలేదు. చివరికి లేచి, "నువ్వు దాస్తాండావు, దాయనీలే అనుకున్నా. తప్పే" అన్నాడు.

ఒకే గదిలో ఉంటాం మేమిద్దరం. ఒకరికి తెలియకుండా ఒకరం ఒకేదాన్ని దాచిపెట్టాం.

మే 22

ఆయనతో మాట్లాడలేదు.

మే 24

పూతమందు మెడ వెనక నాకు అందదు. ఆయన చేతికి ఇచ్చాను. మాట్లాడలేదు, ఇచ్చాను. రాశాడు.

మే 27

గౌరి పాతికలోపు పిల్ల, చలాకీది. పెద్ద బొట్టు, మణికట్టు దాకా చేతులు. నేను వెనక గదిలో చీరలు మడతపెడుతూ తలుపు సందులోంచి చూశాను. నేను లేకుండా నా వేషం తిరుగుతోంది.

పాత అక్క ఏది అని అడుగుతున్నారట. పొయ్యి దగ్గర కాలింది, తగ్గినాక వస్తాది అంటోంది అక్క. ఎంతమంది జాలిపడ్డారో! కలబంద రాయమని ఒకరు, తేనె రాయమని ఒకరు. దేవుడు చల్లగా చూడాలని ఇంకొకరు. మొన్న చీరలు పంపొద్దన్నవాళ్ళు కూడా ఉండొచ్చు వీళ్ళలో. కాలితే పాపం అంటున్నారు.

నాకు కాలినట్టే ఉండిపోయాను.

జూన్ 1

గౌరికి వీడియో మధ్యలో కళ్ళు తిరిగాయి. కూలబడింది. లోపలికి తెచ్చి చేతులు పైకి మడిచి చూస్తే భుజాల నుంచి మణికట్టు దాకా చెమటకాయలు, ఎర్రగా, కొన్ని గోకి గోకి పచ్చిపుండ్లయ్యాయి. తడిగుడ్డ వేస్తుంటే, "ఎండాకాలం అంతా ఈ సేతులు ఎట్ల వేసుకుంటివక్కా? నాతో అయితాండ్లే" అని ఏడ్చింది.

బయట ఫోన్లో లైవ్ ఇంకా నడుస్తూనే ఉంది. అక్క చీరలు ఒక్కొక్కటీ విప్పి తనే చూపిస్తోంది. నేను వెనక గదిలోంచి బయటికి వెళ్ళి ఫోన్ ముందు నిలబడ్డాను. ముందే అనుకుని చేసింది కాదు. పెదవికి రంగు లేదు, వేళ్ళకు క్రీము లేదు. చేతులు మోచేతుల పైదాకా మడిచాను.

"నాకు కాలలేదు. ఇది బొల్లి. ఎవరికీ అంటదు. ఇది కనబడకూడదని ఈ చేతులు కుట్టించుకుంటి. చల్లగా ఉంటాదని మీకు అబద్ధం చెప్పినాను. ఈ ఎండల్లో మీరెవ్వరూ వేసుకోవద్దండి" అన్నాను.

అక్క ఫోన్ లాక్కుని ఆపింది.

"ఎంత గుడ్డ తెప్పించి పెట్టినానో తెలుసునా నీకు? ఇప్పుడెవరు కొంటారు?" అని అరిచింది. కాసేపటికి గొంతు తగ్గించి, "కొన్నాళ్ళు ఇంటికాడ ఉండు" అంది. నిజంగా కొన్నాళ్ళో, రావద్దనడమో నేను అడగలేదు.

జూన్ 4

ఏడ్చాను. పని పోయినందుకో, అద్దం ముందు నిలబడి నన్ను నేను పూర్తిగా చూసుకున్నందుకో తెలియదు. నుదురు, పెదవి, వేళ్ళు, మోచేయి. మెడ వెనక చూడటానికి దేవేంద్ర ఇంకో అద్దం పట్టుకున్నాడు. పావలా బిళ్ళంత కాదు ఇప్పుడు, అరచేయంత.

"అంతేనా?" అన్నాను. ఎందుకలా అన్నానో. ఆయన నవ్వబోయి మానేశాడు.

జూన్ 6

హుసేనమ్మ ఇంటికి వచ్చింది. ఆమె ఇంటికి మేం వెళ్ళడమే గానీ ఆమె రావడం ఎప్పుడూ లేదు. చాపమీద కూర్చుని, మంచినీళ్ళు అడిగి తాగి, నా చెయ్యి లాక్కుని చూసింది.

"ఆ పొద్దు గోడ పక్కకు తిప్పితివే, దీనికేనా? నేను సూడలేదనుకుంటివా?"

ఈమె కూడా చూసిందన్నమాట.

"సరే, అది కాదు. నీ వీడియో సూసి పొడుగు సేతులు కుట్టించుకున్నోళ్ళు అందరూ తెచ్చి నా దగ్గర పడేసినారు, సేతులు కత్తిరించమని. మిషను కాడ కుప్ప పడుండాయి. ఒక్కదాన్ని ఎన్నని కత్తిరించేది? సోమవారం నుంచి రా. నీవల్ల వచ్చిన తంటా నువ్వే కత్తిరించు."

చాలా రోజులకు నవ్వొచ్చింది. ఒప్పుకున్నాను.

జూన్ 8

పొట్టి చేతుల జాకెట్టు వేసుకున్నాను. నాన్న నేసిన ఆకుపచ్చ చీర. కళ్ళకు కాటుక. పెదవికి వాసెలిన్ తప్ప ఏమీ లేదు. ఎమ్మిగనూరు బస్సెక్కాను.

పక్కన కూర్చున్న ఆమె నా చేతులు చూసి, కాసేపు కిటికీలోంచి చూసినట్టు చూసి, లేచి వెనక సీటుకు వెళ్ళిపోయింది. ఖాళీ సీట్లో నా సంచి పెట్టుకున్నాను. తర్వాత తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. కూర్చునేవాళ్ళు కూర్చుంటారు. దారిలో ఎక్కినవాళ్ళు కొందరు నిలబడే వచ్చారు.

అమ్మ తలుపు తీసి నన్ను చూసింది. వీధి అటూ ఇటూ చూసింది. తన కొంగు లాగి నా చేతుల మీద కప్పబోయి, మధ్యలో ఆగింది.

"వీడియో మీ నాన్న కూడా సూసినాడు" అంది. మగ్గం చప్పుడు ఆగింది. నాన్న బయటికి రాలేదు, "పాప వచ్చిందా?" అని మాత్రం అడిగాడు. మళ్ళీ మగ్గం మొదలైంది.

సాయంత్రం దాకా అమ్మ వంటింట్లోనే తిరిగింది. ఎండ దిగుతుంటే నూనెగిన్నె, దువ్వెన తెచ్చుకుని నా వెనక కూర్చుంది. చిక్కులు తీసింది. మెడ మీది వెంట్రుకలు పక్కకు తీసినప్పుడు ఆమె చేతులు ఆగిపోయాయి. అక్కడ ఉన్నది అమ్మకు నేను చూపించలేదు.

"జడ కిందికి ఎయ్యాల్నా, పైకి ముడి కట్టాల్నా?" అని అడిగింది.

జడ వేస్తే మెడ కప్పుకుంటుంది. అమ్మకు తెలుసు. నాకూ తెలుసు.

"పైకే కట్టమ్మా. ఉక్కగా ఉండాది, మెడకు గాలి తగలాల."

అమ్మ ఊపిరి నా మెడ మీద తగిలింది. తర్వాత ఆమె బొటనవేలు. నూనె అంటిన వేలు, ఆ మచ్చ మీద ఒకచోట నుంచి ఇంకోచోటికి నెమ్మదిగా వెళ్ళింది, దాని అంచు ఎక్కడుందో చూసుకుంటున్నట్టు. తీయలేదు. నేను కదలలేదు.

వెంట్రుకలన్నీ పైకి తీసి, గట్టిగా ముడి కట్టింది. చేతులు తుడుచుకుంది.

"లోపల గాలే ల్యా" అంది. "అరుగు మీద కూర్చుందాం, రా."

ఆ వేళకు వీధి వీధంతా అరుగుల మీదే ఉంటుంది. అమ్మే ముందు లేచింది.